ఇంట్లో ఒక్క ప్రింటర్, అన్ని కంప్యూటర్లకూ: మొదటి నుంచి చివరిదాకా

మా ఇంట్లో ప్రింటర్ హాల్లోని డెస్క్‌టాప్‌కు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఉంటుంది. పాప ల్యాప్‌టాప్ పై గదిలో, నాన్నగారి ల్యాప్‌టాప్ వెనక గదిలో. చాలాకాలం ఇద్దరూ పెన్‌డ్రైవ్ పట్టుకుని హాల్లోకి వచ్చేవాళ్లు. పాప పని ఎలాగో జరిగిపోయేది. నాన్నగారికే ఇబ్బంది. ఆయన ఏళ్ల తరబడి అను ఫాంట్లలో టైపు చేసే మనిషి. హాల్లో కంప్యూటర్లో ఆ ఫాంట్లు లేవు. ఆయన ఫైల్ అక్కడ తెరిస్తే తెలుగు బదులు అర్థం కాని గుర్తులు కనిపించేవి. ప్రతిసారీ పీడీఎఫ్ చేసి తెమ్మంటే ఆయనకు విసుగు.

ప్రింటర్‌ను నెట్‌వర్క్‌లో పెట్టాక ఆ బాధ పోయింది. ప్రింట్ ఇచ్చే కంప్యూటర్లోనే పేజీ తయారై ప్రింటర్‌కు వెళుతుంది కాబట్టి, ఫాంటు ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంటే చాలు. పాత ఫాంట్లతో పని చేసే తెలుగువాళ్లకు ఇది నిజంగా పెద్ద ఉపకారం. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆధార్ కాపీ కోసం జిరాక్స్ షాపువాళ్ల ఫోన్‌కు వాట్సాప్ చేయాల్సిన పని తప్పుతుంది. మన కాగితం మన ఇంట్లోనే ఉంటుంది.

ఈ పని కష్టమైంది కాదు, కానీ వరుస తప్పితే గంటలు తినేస్తుంది. నేను చూసినంతలో ఆగిపోయే చోట్లు రెండే: ఒకటి చిరునామా, రెండు అనుమతి. ఒక కంప్యూటర్‌కు ఇంకొకటి కనిపించకపోవడం, లేదా కనిపించినా లోపలికి రానివ్వకపోవడం. ప్రింటర్‌లో తప్పు ఉండటం చాలా అరుదు. కాబట్టి ఆ రెండింటినీ ముందు గట్టి చేసుకుని, ప్రింటర్ దగ్గరికి తర్వాత వెళదాం.

ముందు మీ ప్రింటర్ ఏ రకమో చూడండి

ప్రింటర్ వెనక వైపు చూడండి. లాన్ కేబుల్ పెట్టే చతురస్రపు రంధ్రం ఉందా? ముందు ప్యానెల్ మీద వైఫై గుర్తు ఉందా? ఈ రెండింటిలో ఏది ఉన్నా మీ పని సగం అయిపోయినట్టే. అలాంటి ప్రింటర్‌ను ఏ కంప్యూటర్‌కూ కట్టేయకండి. నేరుగా రౌటర్‌కు కలిపితే ప్రతి కంప్యూటరూ దానితో సొంతంగా మాట్లాడుకుంటుంది. ఒక కంప్యూటర్ ఆపేసి ఉన్నా మిగతావాళ్ల పని ఆగదు. వైఫై ఉన్న ప్రింటర్ కొని కూడా యూఎస్‌బీతో కట్టి, ఆ కంప్యూటర్ నుంచి షేర్ చేసుకునేవాళ్లను చూశాను. ఆ తిప్పలు అక్కర్లేదు.

యూఎస్‌బీ మాత్రమే ఉంటే దారి వేరు. మన దగ్గర ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఇప్పటికీ కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివి ఈ రకమే. గట్టి మెషీన్లు, పారేయాల్సిన అవసరం లేదు. వీటిని ఒక కంప్యూటర్‌కు కలిపి, ఆ కంప్యూటర్ ద్వారా మిగతావాటికి పంచాలి. ప్రింటర్‌ను పట్టుకుని ఉండే ఆ కంప్యూటర్‌ను ఇక్కడ ‘ఆతిథ్య కంప్యూటర్’ అంటాను.

కొన్ని రౌటర్ల వెనక యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, దానికి ప్రింటర్ పెట్టుకోవచ్చని బాక్సు మీద రాసి ఉంటుంది. పైన చెప్పిన పాత లేజర్ ప్రింటర్లతో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. పేజీని తయారు చేసే పనంతా వీటికి కంప్యూటరే చేసిపెట్టాలి. లేజర్‌జెట్ 1020కి అయితే ఆన్ చేసిన ప్రతిసారీ దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ కూడా కంప్యూటర్ నుంచే ఎక్కాలి. ఈ పనులు చాలా రౌటర్లకు చేతకావు.

అందరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారా?

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ప్రింటర్ సెట్టింగుల్లోకి వెళ్తారు. సాయంత్రమంతా కూర్చున్నా పని కాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇక్కడే ఉంటుంది.

ప్రతి కంప్యూటర్లోనూ సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మీరు వాడుతున్న వైఫై ప్రాపర్టీస్ చూడండి. కిందికి వెళ్తే ఐపీవీ4 అడ్రస్ అని ఒక అంకెల వరస ఉంటుంది. ఉదాహరణకు హాల్లో కంప్యూటర్‌కు 192.168.1.5, పై గదిలో ల్యాప్‌టాప్‌కు 192.168.1.9 అని ఉంటే ఇబ్బంది లేదు. ఇంటి నెట్‌వర్కుల్లో సాధారణంగా మొదటి మూడు అంకెలు ఒకటే అయితే ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నట్టు, చివరి అంకె ఇంటి నంబరు అనుకోండి. ఒకదానికి 192.168.1 తోనూ ఇంకొకదానికి 192.168.0 తోనూ మొదలైతే ఇద్దరూ వేరే వీధుల్లో ఉన్నారు. ఇంటర్నెట్ ఇద్దరికీ వస్తుంది, అందుకే అనుమానం రాదు. కానీ ఒకరికొకరు కనిపించరు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టిన డబ్బా కూడా రౌటరే. దాని వైఫై పై గదికి అందక మనం ఇంకో రౌటర్ కొని దానికి కలుపుతాం. ఆ రెండోది తన సొంత నెట్‌వర్క్ పెట్టుకుంటుంది. ఇంట్లో సగం మంది దీని కింద, సగం మంది దాని కింద ఉండిపోతారు. దీనికి మందు చిన్నదే. రెండో రౌటర్ సెట్టింగుల్లో ఆపరేషన్ మోడ్ అని ఉంటుంది. దాన్ని రౌటర్ నుంచి యాక్సెస్ పాయింట్‌కు మార్చండి. అప్పుడది సొంతంగా చిరునామాలు పంచడం మానేసి, మొదటి దాని చేతికి అప్పగిస్తుంది. ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే, దానిలో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ అనే సెట్టింగును ఆపేసి, వచ్చే కేబుల్‌ను వాన్ రంధ్రంలోంచి తీసి లాన్ రంధ్రంలో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపే ముందు దాని సొంత చిరునామాను మొదటి రౌటర్ వరసలోకి, అక్కడ ఎవరూ వాడని అంకెకు మార్చుకోవాలి. రెండు రౌటర్లకూ ఒకే అంకె ఉంటే గొడవ.

గెస్ట్ వైఫై అని వేరే పేరుతో ఒకటి పెట్టుకుని ఉంటే, అందులో ఉన్న కంప్యూటర్ మిగతావాటిని చూడలేదు. చుట్టాలు వచ్చినప్పుడు ఇవ్వడానికి దాన్ని ఉంచుకోండి, ఇంట్లోవాళ్లు అసలు వైఫైలో ఉండాలి. రౌటర్లో ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగు ఆన్‌లో ఉన్నా ఇదే పరిస్థితి, దాన్ని ఆపేయాలి.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లకు ఒక మాట. కంపెనీ ల్యాప్‌టాప్‌లో వీపీఎన్, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే దారి, ఆన్‌లో ఉంటే చాలాసార్లు ఇంట్లో ప్రింటర్ మాయమవుతుంది. వీపీఎన్ ఆపి చూడండి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకునే అనుమతి లేకపోతే దానితో పోట్లాడకండి, ఆ ఒక్కదాన్ని వదిలేయండి.

వైఫై ప్రింటర్ ఉన్నవాళ్లకు

ప్రింటర్ ప్యానెల్లోనో, కంపెనీ ఇచ్చిన మొబైల్ యాప్‌లోనో మీ వైఫై పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ఉంటే ప్రింటర్‌లో ఆ పేరు కనిపించదు, కంగారు పడకండి. ప్రింటర్ 2.4లో, ల్యాప్‌టాప్ 5లో ఉన్నా రెండూ ఒకే రౌటర్ కింద ఉంటే పని జరుగుతుంది. రౌటర్ భద్రతను డబ్ల్యూపీఏ3కి మాత్రమే పెట్టి ఉంటే పాత ప్రింటర్లు చేరవు, డబ్ల్యూపీఏ2 కూడా కలిసి ఉన్న మిశ్రమ మోడ్ పెట్టండి.

ఇక అసలు జాగ్రత్త. కరెంటు పోయి వచ్చాక రౌటర్ మళ్లీ చిరునామాలు పంచుతుంది. నిన్న 192.168.1.7లో ఉన్న ప్రింటర్ ఇవాళ 192.168.1.12లో ఉండొచ్చు. కంప్యూటర్ పాత చిరునామాకే కాగితం పంపి, ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చెబుతుంది. ‘మొన్నటిదాకా బాగానే వచ్చింది, ఏమైందో తెలీదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. అందుకని ప్రింటర్‌కు శాశ్వత చిరునామా ఇవ్వండి.

ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీయండి. అందులో మ్యాక్ అడ్రస్ అని రెండేసి అక్షరాలుగా ఆరు జతల గుర్తు ఉంటుంది. ఇప్పుడు బ్రౌజర్లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టి రౌటర్లోకి వెళ్లండి. ఆ అంకె, లాగిన్ వివరాలు రౌటర్ అడుగున చీటీ మీద ఉంటాయి. డీహెచ్‌సీపీ విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ అనే చోట ఈ మ్యాక్ అడ్రస్‌కు ఒక ఐపీ కేటాయించండి. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయినా ఆ ప్రింటర్‌కు అదే ఇంటి నంబరు. కొందరి ఫైబర్ డబ్బాల్లో ఈ సెట్టింగు మన చేతికి ఇవ్వరు. అప్పుడు ప్రింటర్ ప్యానెల్లోనే మాన్యువల్ ఐపీ పెట్టండి. రౌటర్ 2 నుంచి 100 దాకా పంచుతుంటే ప్రింటర్‌కు 200 ఇవ్వండి, గొడవ రాదు.

తర్వాత ప్రతి కంప్యూటర్లోనూ ప్రింటర్‌ను చేర్చాలి. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో ప్రింటర్స్ అండ్ స్కానర్స్, అక్కడ యాడ్ డివైస్. ప్రింటర్ దానంతటదే కనిపించినా నేను దాన్ని నొక్కను. కాసేపు ఆగితే వచ్చే యాడ్ మాన్యువల్లీ నొక్కి, ఐపీ అడ్రస్‌తో చేర్చే ఎంపిక తీసుకుని, ఇందాక ఖాయం చేసిన అంకె ఇస్తాను. దానంతటదే చేరిన ప్రింటర్ చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు మీద కూర్చుంటుంది, అది అప్పుడప్పుడూ జాడ పోగొట్టుకుంటుంది. ఐపీతో చేర్చింది నిలకడగా ఉంటుంది.

అన్నీ సరిగ్గా ఉండి, ప్రింట్ కూడా వస్తూ, ఆఫ్‌లైన్ అని మాత్రం చూపిస్తుంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్, కాన్ఫిగర్ పోర్ట్‌లోకి వెళ్లి ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ ముందున్న టిక్కు తీసేయండి. వైఫై ప్రింటర్ ఉన్నవాళ్ల పని దాదాపు ఇక్కడితో అయిపోయింది. ఫోన్లు, స్కానర్ గురించి చివర్లో ఉంది, అది మాత్రం చదవండి.

యూఎస్‌బీ ప్రింటర్: ఆతిథ్య కంప్యూటర్ను సిద్ధం చేయడం

ముందు ఆ కంప్యూటర్ నుంచి ఒక టెస్ట్ పేజీ తీయండి. అక్కడే రాకపోతే పంచడానికి ఏమీ లేదు.

ఇప్పుడు దానికి ఒక పేరు. విండోస్ తనంతట తాను డెస్క్‌టాప్ అని మొదలుపెట్టి ఏవో అక్షరాలూ అంకెలూ కలిపి పేరు పెడుతుంది. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో రీనేమ్ దిస్ పీసీ నొక్కి చిన్న పేరు ఇవ్వండి. ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, 15 అక్షరాలు దాటకుండా. మాది హాల్‌పీసీ. రీస్టార్ట్ చేస్తేనే కొత్త పేరు అమల్లోకి వస్తుంది.

తర్వాత వైఫై ప్రాపర్టీస్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కు మార్చండి. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై లాంటిదని విండోస్ లెక్క, అక్కడ అది తలుపులన్నీ మూసేస్తుంది. ఇది మన ఇల్లే అని చెప్పాలి. రెండు వైపులా, అంటే ప్రింట్ ఇచ్చే ల్యాప్‌టాప్‌లో కూడా, ఇది ప్రైవేట్‌గానే ఉండాలి.

విండోస్ 11లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరవండి. ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. విండోస్ 10లో ఇవే కంట్రోల్ ప్యానెల్‌లోని నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్లో ఉంటాయి. పాత రోజుల్లో హోమ్‌గ్రూప్ అని ఒకటి ఉండేది. విండోస్ 10లో 2018లో వచ్చిన 1803 వెర్షన్‌తో దాన్ని తీసేశారు. దాని గురించి చెప్పే పాత వీడియోలు చూసి వెతుక్కోకండి.

అదే పేజీలో కింద పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ అని ఉంటుంది. చాలా వీడియోలు దాన్ని ఆపేయమంటాయి. నేను వద్దంటాను, గట్టిగానే. ఆపేస్తే మీ వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా ఆ కంప్యూటర్లో పంచిన వాటిని అడక్కుండా చేరగలిగే వీలుంటుంది. పైగా పాస్‌వర్డ్ లేని అతిథి రాకను కొత్త విండోస్ ప్రో ఎడిషన్లు ఒప్పుకోవు కూడా. ఆపినా పని జరగక, ఎందుకు జరగలేదో తెలియక తిరుగుతారు. దానికంటే ప్రింట్ కోసం ఒక చిన్న ఖాతా పెట్టండి, ఐదు నిమిషాల పని.

సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో యాడ్ అకౌంట్ నొక్కండి. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ అడుగుతుంది. ఈ వ్యక్తి సైన్ ఇన్ సమాచారం నా దగ్గర లేదు అనే వరస నొక్కి, తర్వాతి తెరలో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా చేర్చే ఎంపిక తీసుకోండి. పేరు ప్రింట్ అనో మరేదో పెట్టి, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వండి. మూడు భద్రతా ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు ఇచ్చేయండి. దీన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చకండి, మామూలు ఖాతా చాలు.

ఈ ఖాతా ఎందుకో చెప్తాను. మనం కంప్యూటర్‌ను రోజూ నాలుగు అంకెల పిన్‌తో తెరుస్తాం. ఆ పిన్ ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీదుగా చెల్లదు. పై గది ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ అడిగితే పిన్ కొట్టి కొట్టి, తప్పు అంటోందని టెన్షన్ పడేవాళ్లు ఎందరో. విడిగా ఒక ఖాతా, దానికి ఒక పాస్‌వర్డ్ ఉంటే ఈ గందరగోళమే ఉండదు.

ఇప్పుడు ప్రింటర్‌ను పంచండి. ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో మీ ప్రింటర్ పేరు నొక్కి, ప్రింటర్ ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్. షేర్ దిస్ ప్రింటర్ ముందు టిక్కు పెట్టి, షేర్ నేమ్ దగ్గర చిన్న పేరు ఇవ్వండి, ఖాళీలు లేకుండా. మాది లేజర్. కింద రెండర్ ప్రింట్ జాబ్స్ ఆన్ క్లయింట్ కంప్యూటర్స్ అనే టిక్కు ఉండనివ్వండి. పేజీ తయారీ పంపే కంప్యూటర్లోనే జరిగేది దాని వల్లే.

చివరగా, ఆతిథ్య కంప్యూటర్ నిద్రపోతే ప్రింటర్ అందదు. సిస్టమ్, పవర్ సెట్టింగుల్లో కరెంటు మీద ఉన్నప్పుడు స్లీప్‌ను నెవర్‌కు పెట్టండి. తెర ఆరిపోవచ్చు, నష్టం లేదు. పనిలో పనిగా ఇంకో మాట. కరెంటు పోతుందని లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కో ఇన్వర్టర్‌ లైనుకో కలపకండి. పేజీని కాగితానికి అతికించే హీటర్ ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, యూపీఎస్ తట్టుకోలేదు. రౌటర్‌నూ కంప్యూటర్‌నూ మాత్రమే దాని మీద పెట్టండి.

రెండో కంప్యూటర్ వైపు

ఇక్కడ వరస చాలా ముఖ్యం: ముందు డ్రైవర్, తర్వాత పాస్‌వర్డ్, ఆఖర్న ప్రింటర్.

డ్రైవర్‌ను తయారీ కంపెనీ సైటు నుంచే దించుకోండి. అదే మోడల్, 64 బిట్. ఒకప్పుడు ఆతిథ్య కంప్యూటరే డ్రైవర్‌ను అందించేది, ఇప్పటికీ ప్రయత్నిస్తుంది. కానీ 2021లో, ప్రింట్లను వరసలో పెట్టి పంపే విండోస్ భాగమైన ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడ్డాక, ఆ ఆగస్టు నుంచి అలా డ్రైవర్ ఎక్కించుకోవడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరి చేశారు. పిల్లల ఖాతాలో పని అక్కడే ఆగిపోతుంది. ముందే మీరు వేసిపెడితే ఆ అడ్డంకి రాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రింటర్ కేబుల్ పెట్టమని అడుగుతూ ముందుకు పోనివ్వకపోతే, ఆ ల్యాప్‌టాప్‌ను ఒక్కసారి ప్రింటర్ దగ్గరికి తీసుకెళ్లి కేబుల్ పెట్టి, ఒక పేజీ తీసి, కేబుల్ తీసేయండి. డ్రైవర్ కుదురుగా కూర్చుంటుంది. నేనైతే ప్రతిసారీ ఇలాగే చేస్తాను.

తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద కొత్తది చేర్చండి. అడ్రస్ దగ్గర ఆతిథ్య కంప్యూటర్ పేరు. యూజర్ నేమ్ దగ్గర కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఇందాక పెట్టిన ఖాతా పేరు, అంటే హాల్‌పీసీ\ప్రింట్ అనే తీరులో. కింద పాస్‌వర్డ్. నేను తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఇప్పుడు విండోస్ కీ, ఆర్ కీ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో రెండు బ్యాక్‌స్లాష్‌లు, వెంటనే కంప్యూటర్ పేరు: \\హాల్‌పీసీ. ఎంటర్ కొట్టండి. ఆ కంప్యూటర్ పంచిన ప్రింటర్ బొమ్మ కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి కనెక్ట్ నొక్కండి. కొన్ని సెకన్లు ఆగితే మీ ప్రింటర్ల జాబితాలో చేరిపోతుంది. టెస్ట్ పేజీ తీయండి.

పేరుతో తెరుచుకోకపోతే పేరు బదులు ఐపీ అంకెతో ప్రయత్నించండి. అంకెతో తెరుచుకుంటే పేరు వెతకడంలోనే చిక్కు ఉందని తేలుతుంది, రౌటర్ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. అంకెతోనూ రాకపోతే ప్రొఫైల్ పబ్లిక్‌గా ఉందేమో, యాంటీవైరస్ తన సొంత ఫైర్‌వాల్‌తో ఆపుతోందేమో చూడండి.

డిఫాల్ట్ ప్రింటర్ గురించి ఒక మాట. ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలో కింద, డిఫాల్ట్ ప్రింటర్‌ను విండోస్‌కే వదిలేసే ఒక సెట్టింగు ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, చివరిసారి పీడీఎఫ్ చేశారనుకోండి, తర్వాతి ప్రింట్ కూడా పీడీఎఫ్‌కే పోతుంది. ఆపేసి, మీ ప్రింటర్‌ను మీరే డిఫాల్ట్‌గా పెట్టండి. అలాగే విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని విండోస్ 11 24హెచ్2 నుంచి కొత్తగా ఒకటి కనిపిస్తోంది. పాత యూఎస్‌బీ ప్రింటర్ ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకండి. అది కంపెనీల సొంత డ్రైవర్లను పక్కనపెట్టి కొత్త ప్రమాణానికి సరిపోయే ప్రింటర్లను మాత్రమే ఒప్పుకుంటుంది.

ఎర్రర్ వచ్చినప్పుడు

కనెక్ట్ నొక్కగానే 11బి తో ముగిసే ఎర్రర్ వస్తే, రెండు కంప్యూటర్లలో అప్‌డేట్లు ఒకేలా లేవేమో ముందు చూడండి. 2021 సెప్టెంబర్ అప్‌డేట్లతో ప్రింట్ సమాచారం మార్పిడికి భద్రత పెంచారు. ఒకటి అప్‌డేట్ అయి ఇంకొకటి కాకపోతే రెంటికీ మాట కుదరదు. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి ఆ భద్రతనే ఆపేయమనే సలహాలు మీకు కనిపిస్తాయి. ఇంటి కంప్యూటర్‌లో బ్యాంకు పనులు కూడా చేసుకుంటాం కదా, ఆ దారి వద్దు. రెండింటినీ అప్‌డేట్ చేయండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కుదిరితే ఆతిథ్య కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చుకోండి.

709తో ముగిసే ఎర్రర్ ఇంకోటి. విండోస్ 11 22హెచ్2 నుంచి కంప్యూటర్లు ప్రింట్ గురించి మాట్లాడుకునే పద్ధతి మారింది, పాత విండోస్‌తో కలిసినప్పుడు ఇది ఎక్కువగా తగులుతుంది. రెండు ఎర్రర్లకూ నాకు చాలాసార్లు పని చేసిన ఉపాయం లోకల్ పోర్ట్. యాడ్ డివైస్‌లో మాన్యువల్‌గా వెళ్లి, మాన్యువల్ సెట్టింగ్స్‌తో లోకల్ ప్రింటర్ చేర్చే ఎంపిక తీసుకోండి. క్రియేట్ ఎ న్యూ పోర్ట్ దగ్గర లోకల్ పోర్ట్ ఎంచుకోండి. పోర్టు పేరు అడిగినప్పుడు పూర్తి చిరునామా ఇవ్వండి: \\హాల్‌పీసీ\లేజర్. తర్వాత జాబితాలోంచి మీరు ముందే వేసుకున్న డ్రైవర్‌ను చూపించండి. అప్పుడు ల్యాప్‌టాప్ దాన్ని తన సొంత ప్రింటర్‌గానే భావించి, కాగితాన్ని మాత్రం ఆ చిరునామాకు పంపుతుంది. యాక్సెస్ డినైడ్ అంటే క్రెడెన్షియల్ మేనేజర్లో పాస్‌వర్డ్ తప్పు పడిందని చూసుకోండి.

ఒక ప్రింట్ మధ్యలో ఇరుక్కుని, క్యాన్సిల్ చేసినా పోకుండా, వెనక వచ్చినవన్నీ ఆగిపోతుంటాయి. అది ఎక్కువగా ఆతిథ్య కంప్యూటర్ మీద జరుగుతుంది. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి తెరిచి, ప్రింట్ స్పూలర్‌ను స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్లోకి వెళ్లి లోపల ఉన్న ఫైళ్లు తీసేయండి. ఫోల్డర్ను కాదు, లోపలి ఫైళ్లను మాత్రమే. మళ్లీ స్పూలర్‌ను స్టార్ట్ చేయండి.

మ్యాక్, ఫోన్, స్కానర్

ఆపిల్ మ్యాక్ కంప్యూటర్లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో కొత్తది చేర్చేటప్పుడు పైన విండోస్ గుర్తు ఉంటుంది. అందులో వర్క్‌గ్రూప్, కంప్యూటర్ పేరు ఎంచుకుని ఇందాకటి ఖాతా ఇస్తే ప్రింటర్ కనిపిస్తుంది. కానీ ఆ మోడల్‌కు మ్యాక్ డ్రైవర్ ఉంటేనే పేజీ వస్తుంది, పాత లేజర్ ప్రింటర్లు చాలావాటికి కొత్త మ్యాక్‌లలో అది ఉండదు. ప్రింటర్ మ్యాక్‌కే కలిపి ఉంటే సెట్టింగ్స్, జనరల్, షేరింగ్‌లో ప్రింటర్ షేరింగ్ ఆన్ చేస్తే మిగతా మ్యాక్‌లకు అందుతుంది.

ఫోన్‌కు దారి వైఫై ప్రింటరే. ఐఫోన్‌లో 2010 నుంచి ఎయిర్‌ప్రింట్ ఉంది, ఆండ్రాయిడ్‌లో మోప్రియా ప్రమాణం పాటించే ప్రింటర్లు వాటంతటవే కనిపిస్తాయి. గూగుల్ క్లౌడ్ ప్రింట్‌ను 2020 చివర్లో ఆపేశారు, పాత సలహాల్లో ఆ పేరు చూసి వెతక్కండి. యూఎస్‌బీ ప్రింటర్ ఉన్న ఇంట్లో ఫోన్‌లోని ఫైల్‌ను ల్యాప్‌టాప్‌కు పంపుకుని అక్కడి నుంచి ప్రింట్ ఇవ్వడమే సులువు.

స్కానర్ కూడా కలిసి ఉన్న ప్రింటర్‌ను యూఎస్‌బీతో పంచితే, ప్రింట్ మాత్రమే పంచబడుతుంది. స్కానింగ్ ఆతిథ్య కంప్యూటర్లోనే చేయాలి. విండోస్ షేరింగ్ అంతవరకే. ఇది తెలియక చాలామంది అన్నీ మళ్లీ మొదటి నుంచి చేస్తారు. వైఫైతో నేరుగా కలిసిన ప్రింటర్లలో అయితే కంపెనీ యాప్ ద్వారా స్కాన్ కూడా ప్రతి కంప్యూటర్‌కూ వస్తుంది.

అంతా కుదిరాక, నాన్నగారి ల్యాప్‌టాప్ నుంచి ఒక కాగితం ప్రింట్ తీయించాను. దాని మీద ఆతిథ్య కంప్యూటర్ పేరు, షేర్ పేరు, ప్రింట్ ఖాతా పేరు, రౌటర్ చిరునామా, డ్రైవర్ ఏ తేదీన వేశామో ఉన్నాయి, పాస్‌వర్డ్ తప్ప. తెలుగు వరసలు అను ఫాంట్లోనే, ఒక్క అక్షరం చెదరకుండా వచ్చాయి. ఆ కాగితం ఇప్పుడు ప్రింటర్ పక్కన గోడకు అంటించి ఉంది. మీరు కూడా మొదటి టెస్ట్ పేజీగా అదే తీయండి. కొత్త ల్యాప్‌టాప్ వచ్చిన రోజు చేతికి అందేది అదే.